నీలి మాత్ర వెనక యల్లాప్రగడ సుబ్బారావు

మా వదిన రాజోలు వైపు ఒక ఊళ్లో ఆశా కార్యకర్త. ఆమె సంచిలో ఎప్పుడు చూసినా మాత్రల అట్టలు ఉంటాయి. ఎదిగే పిల్లలకు వారానికి ఒకటి చొప్పున వేయించేది నీలం రంగుది. గర్భిణులకు రోజూ వేయించేది ఎర్రది. రంగులు వేరైనా రెండింటిలోనూ ఉండేవి అవే: 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. బోదకాలు రాకుండా ఏడాదికోసారి ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలు కూడా ఆమే దగ్గరుండి మింగించేది. ఈ ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికీ, ఆ డీఈసీని బయటికి తెచ్చిన బృందానికీ పెద్దగా ఉన్నది ఒక తెలుగువాడు. రాజోలు నుంచి చించినాడ వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటి, పాలకొల్లు మీదుగా వెళ్తే వచ్చే భీమవరంలో 1895 జనవరి 12న పుట్టాడు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన గురించి ఇక్కడ రాయాలా అని మొదట నాకే అనుమానం వచ్చింది. నియోగి బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవాడు. ఆయన ఫొటోకి దండలు వేయడానికి వేరే సంఘాలు ఉన్నాయి. కానీ ఆ కథలో సగం మన ఆడవాళ్ల లాంటివాళ్ల రక్తంలో మొదలై, ఎక్కడెక్కడో తిరిగి, మళ్లీ మన పేటలకే వచ్చి ఆగింది. ఆ సగం ఎవరూ చెప్పరు. అందుకే రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మా పేటలో ఒక బిడ్డ వెన్ను మీద గడ్డతో పుట్టింది. కాళ్లలో కదలిక లేదు. కొద్ది రోజులే బతికింది. గ్రహణం నాడు తల్లి కత్తిపీట పట్టుకుందని పెద్దవాళ్లు తేల్చేశారు. ఆ నింద మోస్తూనే ఆమె తర్వాతి సీజన్‌లో నాట్లకి వెళ్లింది. డిగ్రీలో జువాలజీ చదువుతున్నప్పుడు గానీ నాకు విషయం తెలియలేదు. తల్లి కడుపులో బిడ్డ మెదడూ వెన్నుపామూ మొదట ఒక పల్చటి పొరలాగా ఉంటాయి. తాటాకుని చుట్టినట్టు ఆ పొర మడతపడి గొట్టంగా మూసుకుంటుంది. దాన్ని న్యూరల్ ట్యూబ్ అంటారు. గర్భం నిలిచిన 28 రోజుల లోపే ఈ పని అయిపోవాలి. ఎక్కడైనా మూసుకోకుండా ఉండిపోతే బిడ్డ వెన్ను తెరుచుకునే పుడుతుంది, పై భాగం మూసుకోకపోతే మెదడే సరిగా ఏర్పడదు. ఆ మడత పడడానికి కణాలు చాలా వేగంగా విభజన చెందాలి. విభజనకి డీఎన్ఏ కావాలి. డీఎన్ఏ తయారీకి కావలసిన ముఖ్యమైన సరుకుల్లో ఒకటి ఫోలేట్, అంటే ఆకుకూరల్లో, పప్పుల్లో, కాలేయంలో దొరికే విటమిన్. మా పేట బిడ్డకి సరిగ్గా ఏ కారణంతో అలా అయిందో నేను చెప్పలేను. కానీ కత్తిపీట కారణం కాదని మాత్రం చెప్పగలను.

సుబ్బారావు తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మ. చాలామంది పిల్లలు, చాలని సంపాదన. పదమూడేళ్ల వయసులో ఇంట్లోంచి పారిపోయి, కాశీకి పోయి యాత్రికులకి అరటిపళ్లు అమ్మి బతకాలనుకున్నాడని, తల్లి వెతికి పట్టుకొచ్చిందని చెబుతారు. రాజమండ్రిలో చదువు సరిగా సాగలేదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. ఆ చదువు కోసం తల్లి ఒంటిమీది బంగారం అమ్మింది.

ఈ మూడుసార్ల సంగతి జీవితచరిత్రల్లో పట్టుదలకి ఉదాహరణగా చెబుతారు. పట్టుదల నిజమే. పేదరికమూ నిజమే. కానీ ఆ రోజుల్లో గోదావరి జిల్లాల్లో ఒక మాల పిల్లాడికో మాదిగ పిల్లాడికో మెట్రిక్ మూడుసార్లు తప్పే వీలు ఎక్కడుంది? ముందు బడి గుమ్మం దాటాలి కదా. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న రాసిన పాలేరు నాటకం చదివినవాళ్లకి మన పిల్లలకీ పలకకీ మధ్య ఎంత దూరం ఉండేదో తెలుసు. తప్పడానికి కూడా అవకాశం కావాలి. సుబ్బారావుకి అది దొరికింది. దాన్ని ఆయన వృథా చేయలేదు, అంతవరకూ ఒప్పుకుందాం.

మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. పెళ్లి 1919లో జరిగింది. భార్య శేషగిరి. మామ కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకి డబ్బు సర్దాడు. ఆ రోజుల్లోనే గాంధీ పిలుపు విని, ఖద్దరుతో కుట్టించిన ఆపరేషన్ దుస్తులు వేసుకుని వార్డులోకి వెళ్లాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషువాడికి అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా ఎంబీబీఎస్ డిగ్రీ ఇవ్వకుండా ఎల్ఎంఎస్ అనే కిందిస్థాయి సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. మార్కులు వేసే చెయ్యి ఎవరిదో, ఆ చెయ్యికి ఎవరంటే గిట్టదో, దాన్నిబట్టి పట్టా మారిపోతుందన్న సంగతి మన యూనివర్సిటీల్లో వైవాలకి కూర్చున్న విద్యార్థులకి నేను వివరించనక్కర్లేదు. సుబ్బారావుకి అది మొదటి రుచి.

ఇంతలో ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడి మనిషి ఎండిపోతాడు. సుబ్బారావుకీ అదే జబ్బు వచ్చింది, ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి మందుతో బతికాడు. ఆ తర్వాత లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పాడు. అమెరికా వెళ్లి ఉష్ణమండల వ్యాధులు చదవాలన్న పట్టు ఆ చావుల దగ్గరే పుట్టింది.

ఖర్చు ఎవరిచ్చారన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. కొంత మామగారిది. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం చేస్తామని మాట ఇచ్చింది. సత్యలింగం నాయకర్ మన తీరం నుంచి బర్మా వెళ్లి, ఓడల పనిలో ఆస్తి సంపాదించి, దాన్ని చదువులకి రాసిచ్చిన అగ్నికుల క్షత్రియుడు. అంటే చేపల వేట కులంలో పుట్టినవాడు. సుబ్బారావుని తలుచుకునే సభల్లో ఆ పేరు చాలాసార్లు వినపడదు.

గర్భిణిగా ఉన్న భార్యని వదిలి ఆయన ఓడ ఎక్కాడు. కొడుకు పుట్టాడు, నెలల్లోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడలేదు. తిరిగి ఇండియాకి రాలేదు, శేషగిరి మొహం మళ్లీ చూడలేదు. గొప్పవాడి త్యాగం అని దీన్ని రాసేవాళ్లని చూశాను. త్యాగం చేసింది ఎవరో నాకైతే శేషగిరి వైపు నుంచే కనిపిస్తుంది.

బోస్టన్‌లో హార్వర్డ్ వాళ్ల ఉష్ణమండల వైద్య విద్యాలయంలో చేరాడు. చేతిలో డబ్బు లేదు. ఇక్కడి సర్టిఫికెట్‌తో అక్కడ డాక్టరు పని దొరకదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా కుదిరాడు. రోగుల మలమూత్రాల పాత్రలు మోయడం, కడగడం ఆ ఉద్యోగం. పగలు చదువు, రాత్రి ఆ పని.

ఇది చదివినప్పుడల్లా నేను ఆగిపోతాను. అదే పని ఇక్కడ ఏ ఆసుపత్రిలోనైనా ఎవరు చేస్తున్నారో మనకి తెలుసు. కాంట్రాక్టు మీద, నెలల తరబడి ఆగే జీతంతో, ఎక్కువగా మనవాళ్లే. అమెరికాలో అది సుబ్బారావుకి కొన్నాళ్ల పని. ఆయన కులం అక్కడ ఎవరికీ తెలియదు, తర్వాత ఆయన పిల్లలకి అదే పని రాసిపెట్టి లేదు. ఇక్కడ అది పుట్టుకతో వచ్చే పని. భీమవరంలోనే ఉండి ఉంటే ఆయన ఆ పాత్ర ముట్టుకునేవాడా? ముట్టుకునే అవసరమే వచ్చేది కాదు. సముద్రం దాటాక గానీ ఆ పని చేతికి రాలేదు.

అంతకు పదేళ్ల ముందు, 1913లో, బాబాసాహెబ్ అంబేడ్కర్ న్యూయార్క్ వెళ్లారు. అంటరానివాడిగా కాక మనిషిగా బతకడం అంటే ఏమిటో ఆయనకి కొలంబియాలో తెలిసింది. సుబ్బారావుకి జరిగింది దీనికి తలకిందులు. ఇక్కడ పై మెట్టు మీద పుట్టినవాడికి అక్కడ కింది మెట్టు దొరికింది. 1923 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తీర్పు చెప్పింది. తాను ఉన్నత కులస్థుణ్ణని, ఆర్య రక్తమని, కాబట్టి తెల్లవాడి కిందే లెక్కించి పౌరసత్వం ఇవ్వాలని థిండ్ వాదించాడు. కోర్టు ఒప్పుకోలేదు. భారతీయులెవరూ తెల్లవారు కారు, పౌరసత్వానికి అర్హులు కారు అని తేల్చింది. కులాన్ని చూపించి జాతి వివక్ష గోడ దూకాలనుకున్న ఆ వాదన గురించి విడిగా ఒక వ్యాసం రాయాలి. ఆ తీర్పు నీడలోనే సుబ్బారావు అమెరికా జీవితం దాదాపు మొత్తం గడిచింది.

హార్వర్డ్‌లో జీవరసాయన శాస్త్రవేత్త సైరస్ ఫిస్క్ దగ్గర చేరాడు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగు చూసి కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రచురించారు. భాస్వరం ఎంత ఎక్కువుంటే ద్రావణం అంత ముదురు నీలంగా మారుతుంది. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని గుర్తించారు. 1929లో ఏటీపీ, అంటే ప్రతి జీవకణం ఖర్చుపెట్టే శక్తి నాణెం. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనిపెట్టాడు. వాట్సాప్ సందేశాల్లో ఇవన్నీ సుబ్బారావు ఒక్కడే చేసినట్టు ఉంటుంది. మన మనిషిని పెద్ద చేయడానికి పక్కవాళ్లని చెరిపేయడం మనకి నేర్పిన విద్యే, మనం అది చేయనక్కర్లేదు.

అయితే ఆయన పేరు చెరిగిన సందర్భాలూ ఉన్నాయి. అదే ప్రయోగశాలలో పరిశోధన విద్యార్థిగా ఉన్న జార్జ్ హిచింగ్స్ 1988లో నోబెల్ తీసుకున్నాడు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్క్ కారణంగా వెలుగు చూడలేదని, ఏళ్ల తర్వాత వేరేవాళ్లు వాటిని మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందని ఆయనే చెప్పాడు. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. పదేళ్లు గడిచినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెరల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి పూర్తిగా మారిపోయాడు. రెండేళ్లకి అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు.

ఇప్పుడు ఫోలిక్ యాసిడ్ దగ్గరికి రావాలి. అందుకు పెరల్ రివర్ వదిలి కాసేపు బొంబాయి వెళ్లాలి.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు గర్భంతో ఉండగా తీవ్రమైన రక్తహీనతతో చనిపోతున్నారు. ఎందుకో తేల్చడం ఆమె పని. రక్తం తీసి చూసింది, ఇళ్లకి వెళ్లి ఏం తింటున్నారో రాసుకుంది. జబ్బు పేదవాళ్లలోనే ఎక్కువగా ఉంది. ఇది క్రిమి వల్ల వచ్చింది కాదు, తిండిలో ఏదో లోపం అని ఆమెకి అర్థమైంది. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవక ముద్ద పెడితే వాళ్లు కోలుకున్నారు. 1931లో ఈ సంగతి ప్రచురించింది. ఆ ముద్దలో ఉన్న, ఇంకా పేరు లేని పదార్థాన్ని చాలా ఏళ్లు విల్స్ ఫ్యాక్టర్ అన్నారు. అదే ఫోలేట్.

అదే పరిశోధన కోసం ఆమె 1931 మొదట్లో మద్రాసులో పనిచేసిన ఆసుపత్రి పేరు క్యాస్ట్ అండ్ గోషా హాస్పిటల్. 1885లో మొదలైంది. కులం గల హిందూ స్త్రీలకీ, పరదా పాటించే ముస్లిం స్త్రీలకీ అని పేరులోనే రాసుకున్న ఆసుపత్రి అది. అవర్ణ స్త్రీలు ఆ బోర్డులో లేరు. సుబ్బారావు చదివిన హిందూ హైస్కూలూ, ఈ ఆసుపత్రీ రెండూ ట్రిప్లికేన్‌లోనే.

విల్స్ పేరు నిలిచింది, నిలవాల్సిందే. రక్తం ఇచ్చిన మిల్లు కూలీల పేర్లు మాత్రం మనకి ఎక్కడా దొరకవు.

ఆకుల్లో కూడా ఉందని తెలిశాక 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర ఉడికించి కాస్తంత పదార్థం తీశారు. ఆకుకి లాటిన్ మాటని బట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. నాలుగు టన్నుల ఆకుకి చిటికెడు వస్తే లోకానికి సరిపడా మందు ఎక్కడ తెస్తారు? రసాయనంగా తయారుచేయాలి. 1945లో లెడర్లీ బృందం ఆ పని చేసింది. స్టోక్‌స్టాడ్, వాలర్, యాంజియర్ లాంటి చాలామంది పేర్లతో పాటు ఆ పత్రంలో సుబ్బారావు పేరూ ఉంది. బృందాన్ని కూర్చి నడిపింది ఆయనే. ఆ మందు స్ప్రూ రోగుల మీద పనిచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి ఇరవై ఏళ్లు దాటాక ఆయన చేతికి మందు వచ్చింది.

తర్వాతి మలుపు బోస్టన్‌లో. పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఫోలిక్ యాసిడ్ తరహా మందు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా ముదిరినట్టు కనిపించింది. ఫోలేట్ క్యాన్సర్ కణాలకి కూడా తిండే. అలాగైతే ఫోలేట్‌లా కనిపించి కణాన్ని మోసం చేసే నకిలీ పదార్థం ఇస్తే? అలాంటివి సుబ్బారావు బృందం తయారుచేసి పంపింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. క్యాన్సర్‌కి మాత్రలూ సూదుల వైద్యం ఆ దారిలోనే పెరిగింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ వాడుతున్నారు.

1947లో అదే కంపెనీ నుంచి హెట్రజాన్ వచ్చింది. అదే మన డీఈసీ. పసిఫిక్ దీవుల్లో యుద్ధానికి వెళ్లిన అమెరికా సైనికులకి ఫైలేరియా పట్టుకోవడంతో దానికి మందు వెతికారు. కోనసీమ కాలవల పక్క పేటల్లో తరాలుగా బోదకాళ్లతో చేలకి వెళ్లిన మనుషుల కోసం ఎవరూ వెతకలేదు. అయినా మందు మనదాకా వచ్చింది. రాత్రిపూట దీపాలు పట్టుకుని రక్తపు చుక్క తీయడానికి ఫైలేరియా సిబ్బంది వచ్చిన రోజులు మా అమ్మ తరానికి బాగా గుర్తు. ఆ పురుగు పిల్లలు రక్తంలో రాత్రిళ్లే తిరుగుతాయి కాబట్టి అప్పుడు వచ్చేవాళ్లు.

1946లో అమెరికా చట్టం మారింది. భారతీయులు పౌరసత్వం తీసుకోవచ్చు. సుబ్బారావు తీసుకోలేదు. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయింది. వయసు 53. ఫార్బర్ పత్రం వచ్చి రెండు నెలలు. ఆయన తయారుచేయించిన అమినోప్టెరిన్ నాడీకణాల ప్రయోగశాలల్లోకి వెళ్లడం ఆయన చూడలేదు.

సైన్సు చదివే మన పిల్లలు ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవాలి. బతికున్న మనిషి మెదడు కోసి నాడీకణం ఎలా పెరుగుతుందో చూడలేం. పైగా పూర్తిగా ఎదిగిన నాడీకణం విభజన చెందదు. గాజు పళ్లెంలో పెడితే కొన్నాళ్లకి చచ్చిపోతుంది. అందుకని శాస్త్రవేత్తలు నాడీ వ్యవస్థలో పుట్టిన కణితుల నుంచి కణాలు తీసి పెంచారు. అవి ఆగకుండా పెరుగుతూనే ఉంటాయి. సీసా నుంచి సీసాకి, దేశం నుంచి దేశానికి పోతాయి. వాటినే సెల్ లైన్లు అంటారు. సరైన సంకేతం ఇస్తే పెరగడం ఆపి, నాడీకణాల్లాగా పొడవాటి కొమ్మలు చాస్తాయి. పొర దశలో ఉన్న కణం నాడీకణంగా ఎలా మారుతుందో ఆ కొమ్మలు చూసి నేర్చుకుంటారు.

ఆ కణాలకి పోసే పోషక ద్రవంలో ఏమేం ఉండాలో 1955లో హ్యారీ ఈగిల్ తేల్చాడు. అందులో తప్పనిసరి విటమిన్లలో ఫోలిక్ యాసిడ్ ఒకటి. ఇప్పుడు ఏ దేశంలో ఏ విద్యార్థి నాడీకణాలు పెంచినా ఆ సీసాలో అది ఉంటుంది. అమినోప్టెరిన్‌ది ఇంకా చిత్రమైన ఉద్యోగం. 1962 నుంచి దాన్ని జల్లెడగా వాడడం మొదలైంది. డీఎన్ఏ ముడిసరుకుని కణం సొంతంగా తయారుచేసుకునే పెద్ద దారిని అమినోప్టెరిన్ మూసేస్తుంది. పక్కదారి ఒకటి ఉంది. దానికి హైపోజాంథిన్, థైమిడిన్ అనే సరుకులూ, వాటిని వాడుకునే రెండు ఎంజైములూ కావాలి. ఒక ఎంజైము లేని కణాన్ని, రెండో ఎంజైము లేని కణంతో అతికిస్తే, అతుక్కున్నవి మాత్రమే ఆ పక్కదారిన బతుకుతాయి. విడిగా ఉన్నవన్నీ చచ్చిపోతాయి. ఈ మూడు పదార్థాల మొదటి అక్షరాలతో దానికి హ్యాట్ మీడియం అని పేరు.

1970ల మొదట్లో బెర్న్‌డ్ హాంప్రెక్ట్ ఎలుకజాతి జంతువుల కణాలు రెండు రకాలు తీసుకున్నాడు. ఒకటి చుంచెలుక నాడీ కణితిది, ఇంకొకటి పెద్ద ఎలుక మెదడు కణితిది. రెండింటినీ అతికించి ఎన్‌జీ108-15 అనే సెల్ లైన్ తయారుచేశాడు. ఇప్పటికీ దాన్ని హ్యాట్ మీడియంలోనే పెంచుతారు. ఆ కణాలు కొమ్మలు చాస్తాయి, ఎసిటైల్‌కోలిన్ అనే నాడీ రసాయనం తయారుచేస్తాయి, పక్కనున్న కండర కణాలతో బంధం కలుపుకుంటాయి. మార్ఫిన్‌కి నాడీకణం ఎలా అలవాటు పడుతుందో 1975లో నైరన్‌బర్గ్ బృందం ఈ కణాల మీదే చూపించింది. క్యాన్సర్ పిల్లల కోసం పెరల్ రివర్‌లో పుట్టిన విషం, నాడీకణాల చదువుకి తలుపు దగ్గర కాపలాదారు అయింది.

ఇంకో సెల్ లైన్ సంగతి చెప్పి ఇది ముగిస్తాను. 1970లో నాలుగేళ్ల పాప ఎముక మజ్జ నుంచి తీసిన నాడీ క్యాన్సర్ కణాల నుంచి ఎస్‌హెచ్-ఎస్‌వై5వై వచ్చింది. పార్కిన్సన్, అల్జీమర్స్ మీద పనిచేసే ప్రయోగశాలల్లో ఎక్కడ చూసినా అవే కణాలు. సీసా మీద అక్షరాలూ అంకెలూ ఉంటాయి, పాప పేరు ఉండదు. బొంబాయి మిల్లు ఆడవాళ్ల దగ్గర చెప్పిందే ఇక్కడా చెప్పాల్సి వస్తోంది. సుబ్బారావుకి 1995లో తపాలా బిళ్ల వచ్చింది, ఒక బూజుజాతికి కూడా సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. పేరు కోసం ఎంత కొట్లాట జరుగుతుందో, 2022 మే 24న అంబేడ్కర్ పేరు జిల్లాకి పెడుతున్నారని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టడం చూసిన మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఫోలేట్‌కీ బిడ్డ వెన్నుకీ సంబంధం ఉందన్న అనుమానం 1960ల నుంచే ఉంది. అమినోప్టెరిన్‌ని గర్భం పోవడానికి వాడిన చోట, పోకుండా పుట్టిన పిల్లల్లో తలా మెదడూ సరిగా ఏర్పడకపోవడం అంతకుముందే చూశారు. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఏడు దేశాల్లో చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. ఇంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకి గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే 72 శాతం కేసులు తప్పాయి. 1998 నాటికి అమెరికా, కెనడా పిండిలోనే కలపడం తప్పనిసరి చేశాయి. మన రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన గింజలు వచ్చింది చాలా ఏళ్ల తర్వాత. అవి నీళ్లలో తేలుతుంటే ప్లాస్టిక్ బియ్యం అని మా ఊళ్లో కూడా ఏరి పారేశారు. ముందు ఎవరూ వచ్చి చెప్పలేదు మరి.

మా వదిన లెక్క ఇలా ఉంది. నెల తప్పిందని తెలిసేసరికే గర్భానికి రెండు వారాలు. ఆ తర్వాత ఇంకో రెండు వారాలకి న్యూరల్ ట్యూబ్ మూసుకుపోతుంది. దిష్టి తగులుతుందని మూడో నెల దాకా పేటలో ఎవరూ బయటికి చెప్పరు. చెబితే నాట్ల ముఠాలోంచి తీసేస్తారన్న భయం ఇంకొకటి. గల్ఫ్ నుంచి సెలవుకి వచ్చి, కడుపుతో ఉన్నట్టు తెలియకుండానే మళ్లీ విమానం ఎక్కిన ఆడవాళ్లూ ఉన్నారు. మొదటి మూడు నెలలకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర పథకంలో ఉంది. ఆమె పుస్తకంలో పేరు ఎక్కేటప్పటికి చాలామందికి ఆ నెలలు దాటిపోతాయి. ఎర్ర మాత్ర ఎలాగూ నాలుగో నెల నుంచే. అది తల్లి రక్తానికి పనికొస్తుంది. బిడ్డ వెన్ను అప్పటికే మూసుకుని ఉండాలి, లేదా మూసుకోకుండా ఉండిపోవాలి.

అందుకే ఆమె ఇప్పుడు కొత్తగా పెళ్లయిన ఇళ్లకి ముందు వెళ్తోంది. కడుపు సంగతి అడగదు. నీలం మాత్ర బడిలో వేసుకునేదానివి కదా, మానేశావా అని మాత్రం అడుగుతుంది. బడి మానేసినప్పుడే అదీ మానేశామని చాలామంది చెబుతారు.